తీరం దాటాలంటే టర్మ్స్ అండ్ కండిషన్స్

సముద్రం ఉన్న ప్రతి దేశంలోనూ ఇంచుమించు ఒకే కథ వినిపిస్తుంది. నీళ్లలో ఒక అమ్మాయి, ఒడ్డున ఒక అబ్బాయి. చూపులు కలుస్తాయి. ఆ తర్వాత ఇద్దరి వైపు పెద్దవాళ్లూ, ఊరూ, ఒక్కోసారి ప్రకృతి కూడా అడ్డం నిలబడతాయి. మనకైతే 1996లో వచ్చిన 'సాహసవీరుడు సాగరకన్య' ఉంది. టీవీలో ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. నా ఈడు వాళ్లలో చాలామందికి సాగరకన్య అంటే ఇప్పటికీ శిల్పాశెట్టే.

ఈ కథల్ని మనం చిన్నపిల్లల ఫాంటసీ కింద తోసేస్తాం. నాకు మాత్రం ఇవి అగ్రిమెంట్ పేపర్లలా కనపడతాయి. ఉద్యోగం అలాంటిది మరి. రోజంతా 'ఇఫ్', 'ఎల్స్' రాసుకునేవాడికి ఎక్కడ చూసినా కండిషన్సే కనపడతాయి. పైగా వీటిలో నిజంగానే ప్రేమ గురించి ఉండేది తక్కువ, షరతుల గురించి ఉండేది ఎక్కువ. ఇది ఇస్తే అది వస్తుంది. ఇలా జరగకపోతే అలా అవుతుంది. ఇది చూడకూడదు, అది తెరవకూడదు.

అందుకే ఇలాంటి కథ ఏది దొరికినా మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఒకటి, గీత దాటింది ఎవరు? రెండు, దాటడానికి ఏం కట్టారు? మూడు, వద్దనుకుంటే వెనక్కి వెళ్లే దారి ఉందా? ఈ వారం ఐదారు కథల్ని ఈ మూడు ప్రశ్నలతో చూద్దాం. చివర్లో మనవాళ్ల పెళ్లిళ్ల దగ్గరికి వద్దాం. కథలు ఎలాగూ అక్కడికే తీసుకెళ్తాయి.

నాలుక ఇచ్చి కాళ్లు కొనుక్కున్న పిల్ల

అందరికీ తెలిసిన 'లిటిల్ మెర్మెయిడ్' అసలు కథ రాసింది డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్, 1837లో. డిస్నీ 1989లో తీసిన కార్టూన్ సినిమా చూసి "ఓ, ఆ కథేగా" అనుకుంటే పొరపాటే. అసలు కథ చదివితే రాత్రి నిద్ర పట్టదు.

పదిహేనేళ్లు నిండాక సముద్రం పైకొచ్చి లోకం చూసే అనుమతి వస్తుంది ఆ పిల్లకి. తుఫానులో మునిగిపోతున్న రాకుమారుణ్ణి కాపాడి ఒడ్డుకి చేరుస్తుంది. అతనికి మెలకువ వచ్చేసరికి ఎదురుగా వేరే అమ్మాయి ఉంటుంది. తనని కాపాడింది ఆమేనని అతను ఫిక్సయిపోతాడు. ఇక ఈ పిల్ల సముద్రపు మంత్రగత్తె దగ్గరికి వెళ్తుంది. అక్కడ డీల్ ఇదీ: తోక పోయి కాళ్లు వస్తాయి, కానీ వేసే ప్రతి అడుగూ పదునైన కత్తుల మీద నడిచినట్టు ఉంటుంది. మళ్లీ మత్స్యకన్యగా మారడం కుదరదు. రాకుమారుడు వేరే అమ్మాయిని పెళ్లి చేసుకుంటే ఆ మర్నాడు పొద్దున్నే గుండె పగిలి సముద్రపు నురగైపోతుంది. ఇవన్నీ షరతులు మాత్రమే, ఫీజు వేరే ఉంది. ఆ ఫీజు ఆమె గొంతు. మంత్రగత్తె నాలుకే కోసి తీసుకుంటుంది.

ఇంత కట్టి ఆమె రాజమహల్‌కి చేరితే ఏమైంది? రాకుమారుడు ముద్దుగానే చూసుకున్నాడు. తన గది గుమ్మం దగ్గర వెల్వెట్ దిండు మీద పడుకోనిచ్చాడు. పెంపుడు జంతువుని చూసుకున్నట్టే. "నిన్ను కాపాడింది నేనే" అనే ఒక్క ముక్క చెబితే కథ మారిపోయేది. చెప్పడానికి కావలసిన గొంతునే ముందు కట్టేసింది. అతని కోసం దేన్ని వదులుకుందో, అతన్ని గెలవడానికి అదే కావాలి. ఇలాంటి లాజిక్కుని మా భాషలో డెడ్‌లాక్ అంటాం. ఎటూ కదలదు.

చివరికి రాకుమారుడి పెళ్లి వేరే అమ్మాయితో అవుతుంది. అక్కలు తమ జుట్టు కత్తిరించి మంత్రగత్తెకి ఇచ్చి ఒక కత్తి తెస్తారు. తెల్లారేలోగా అతన్ని పొడిస్తే తోక మళ్లీ వస్తుంది. కత్తి పట్టుకుని అతని మంచం దాకా వెళ్లి, పొడవలేక ఆ కత్తిని సముద్రంలోకి విసిరేసి, తనూ దూకేస్తుంది. నురగైపోయాక గాలిలో తిరిగే ఆత్మల్లో ఒకటవుతుంది. అక్కడా 300 ఏళ్లు మంచి పనులు చేస్తేనే మోక్షం. చచ్చాక కూడా ప్రొబేషన్ పీరియడే!

ఆండర్సన్ సొంత జీవితం తెలిస్తే ఇంకో పొర కనపడుతుంది. ఆయన చెప్పులు కుట్టే ఆయన కొడుకు. తనని ఆదరించిన పెద్దింటి అబ్బాయి ఎడ్వర్డ్ కోలిన్ మీద విపరీతమైన ఇష్టం పెంచుకున్నాడు. ఉత్తరాల్లో ఆ ఇష్టం తెలుస్తూనే ఉంటుంది. అటు నుంచి మాత్రం అలాంటి జవాబు రాలేదు. 1836లో కోలిన్‌కి పెళ్లయింది. మరుసటి ఏడాది ఈ కథ అచ్చయింది. రెండింటికీ లింక్ ఉందని చాలామంది పరిశోధకులు అంటారు. నోరు తెరిచి చెప్పలేని ప్రేమ, తక్కువ పుట్టుక, గుమ్మం దగ్గర దిండు. ఇవన్నీ తెలిశాక ఆ పిల్ల ఎవరో ఊహించడం కష్టం కాదు.

కోపెన్‌హాగన్ ఒడ్డున ఆమె విగ్రహం ఉంది. 1913లో పెట్టారు. ఎత్తు 1.25 మీటర్లే. లోకమంతా వెళ్లి సెల్ఫీలు దిగుతుంది. ఆ విగ్రహానికి 1964లో తల కోశారు, 1984లో చెయ్యి నరికారు, 1998లో మళ్లీ తల కోశారు. కథలో కట్టింది చాలనట్టు బయట కూడా కడుతూనే ఉంది పాపం.

పెట్టెలో దాచిన చర్మం

స్కాట్లండ్‌కి ఉత్తరాన ఓర్క్‌నీ, షెట్‌లండ్ దీవులున్నాయి. అక్కడివాళ్లు సెల్కీల గురించి చెబుతారు. సెల్కీ అంటే నీళ్లలో సీల్, ఒడ్డుకొచ్చి చర్మం విప్పేస్తే మనిషి. ఇంకాస్త పైకెళ్తే ఫారో దీవుల్లోనూ ఇదే కథ. కల్సోయ్ దీవిలో మిక్లాదాలూర్ అనే చిన్న ఊరుంది. అక్కడ 2014లో సముద్రం అంచున సీల్ అమ్మాయి విగ్రహం పెట్టారు. ఎత్తు 2.6 మీటర్లు. అలలు ఎగిరొచ్చి మీద పడుతుంటాయి.

కథ ఇదీ. ఏడాదికి ఒక రాత్రి సీల్స్ ఒడ్డుకొచ్చి చర్మాలు విప్పి మనుషుల్లా ఆడిపాడతాయి. ఊళ్లో ఒక కుర్రాడు రాళ్ల చాటున దాక్కుని, తనకి నచ్చిన అమ్మాయి చర్మం ఎత్తుకెళ్లిపోతాడు. తెల్లారితే మిగతావాళ్లంతా చర్మాలు వేసుకుని నీళ్లలోకి వెళ్లిపోతారు. ఈమెకి దారి లేదు. అతని వెనకే వెళ్తుంది. చర్మం పెట్టెలో, పెట్టెకి తాళం, తాళంచెవి అతని నడుముకి. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు. ఊరి కళ్లకి చక్కటి సంసారం.

ఒకరోజు వేటకెళ్లిన అతనికి పడవలో ఉండగా గుర్తొస్తుంది, తాళంచెవి ఇంట్లోనే మర్చిపోయానని. పరుగున తిరిగొస్తే ఆమె లేదు. వెళ్లేముందు ఆమె చేసిన రెండు పనులు మాత్రం నన్ను వదలవు. పొయ్యి ఆర్పేసింది. కత్తులన్నీ తీసి పక్కన పెట్టింది. వాళ్లమ్మ లేని ఇంట్లో పిల్లలు కాల్చుకోకూడదని, కోసుకోకూడదని. ఆ ఇంటిని వదలాలని ఎన్నేళ్ల నుంచి చూస్తోందో, పిల్లల్ని కూడా అంతే ప్రేమించింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండగలవని ఆ చిన్న వివరం చెబుతుంది.

కథ అక్కడితో ఆగదు. కొన్నాళ్లకి ఊరి మగవాళ్లు సీల్స్ వేటకి బయల్దేరతారు. ముందురోజు రాత్రి ఆమె కలలో కనపడి, ఆ గుహలో ఉండే మగ సీల్‌ని, రెండు పిల్లల్ని చంపొద్దని అడుగుతుంది. అవి ఆమె భర్త, బిడ్డలు. అంటే చర్మం పోవడానికి ముందే ఆమెకొక ఇల్లుంది. అది అతను ఎప్పుడూ అడగలేదు. కల సంగతి పట్టించుకోకుండా అందర్నీ చంపేస్తాడు. అప్పుడు ఆమె శపిస్తుంది. ఈ ఊరి మగవాళ్లు సముద్రంలో మునిగీ, కొండల మీంచి పడీ చస్తూనే ఉంటారు, చచ్చినవాళ్లు చేతులు పట్టుకుంటే దీవి చుట్టూ సరిపోయేంతమంది అయ్యేదాకా.

ఇక్కడ మూడు ప్రశ్నలు వేస్తే జవాబులు ఘోరంగా వస్తాయి. గీత దాటింది ఆమె, కానీ ఇష్టంతో కాదు. కట్టింది తన చర్మం, అదీ దొంగతనంగా పోయింది. వెనక్కి దారి ఉంది, కానీ తాళంచెవి వేరేవాళ్ల నడుముకి ఉంది. దీన్ని లవ్ స్టోరీ అని పోస్ట్‌కార్డుల మీద అమ్ముతున్నారు. నాకైతే కిడ్నాప్ కేసు ఫైలులా ఉంది. పిల్లలతో కలిసి చూసేలా మెత్తగా చెప్పిన సెల్కీ కథ కావాలంటే 2014లో ఐర్లండ్ నుంచి వచ్చిన 'సాంగ్ ఆఫ్ ద సీ' యానిమేషన్ సినిమా ఉంది. అందులో అమ్మ వెళ్లిపోయాక మిగిలిన పిల్లల వైపు నుంచి చెబుతారు. చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి.

జపాన్‌లో ఇల్లరికం

ఇప్పటిదాకా నీళ్లలోంచి నేల మీదకి వచ్చినవాళ్ల కథలు. అబ్బాయి నీళ్లలోకి వెళ్తే? జపాన్‌లో ఉరషిమా తారో కథ ఉంది, చాలా పాతది, ఎనిమిదో శతాబ్దం నాటి రాతల్లోనే కనపడుతుంది. తారో జాలరి. పిల్లలు ఏడిపిస్తున్న తాబేలుని కాపాడతాడు. అది అతన్ని సముద్రం అడుగున డ్రాగన్ రాజు కోటకి తీసుకెళ్తుంది. అక్కడ రాకుమారి ఒతోహిమే. పాత పాఠాల్లో అయితే ఆ తాబేలే అమ్మాయిగా మారుతుంది.

అంటే మన లెక్కలో తారో ఇల్లరికం వెళ్లాడు. తిండికి లోటు లేదు, మర్యాదలకి లోటు లేదు. మూడేళ్లు హాయిగా గడిచాయి. తర్వాత అమ్మానాన్న గుర్తొచ్చి ఇంటికెళ్తానంటాడు. ఆమె ఆపలేదు, ఒక పెట్టె చేతిలో పెట్టి మూత మాత్రం తీయొద్దంది. ఊరికొచ్చి చూస్తే తెలిసిన మొహం ఒక్కటీ లేదు. కింద మూడేళ్లు, పైన 300 ఏళ్లు. దిక్కు తోచక పెట్టె తెరుస్తాడు. తెల్లటి పొగ వస్తుంది. క్షణంలో ముసలివాడైపోతాడు.

ఇందులో అతన్ని ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ కట్టేయలేదు. వెనక్కి వెళ్లే దారి కూడా తెరిచే ఉంది. వెళ్లి చేరడానికి ఊరే మిగల్లేదు. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో పన్నెండేళ్లుండి ఊరొచ్చినవాళ్లని అడగండి, తారో బాధ టక్కున అర్థమవుతుంది. మనం వదిలిన ఊరు మన తలలోనే ఆగిపోయి ఉంటుంది. నేల మీద ఉన్న ఊరు మాత్రం ఆగదు.

మన కథల్లో చేప వాసన

ఇవన్నీ విదేశీ కథలు అనుకుంటున్నారా? మహాభారతం మొదలయ్యేదే చేపతో. శాపం వల్ల యమునలో చేపగా బతుకుతున్న అద్రిక అనే అప్సరస కడుపున పుట్టిన పిల్ల సత్యవతి. జాలర్ల నాయకుడు దాశరాజు పెంచాడు. ఒంటినిండా చేప వాసన, అందుకే మత్స్యగంధి. పడవ నడుపుతుంటే పరాశరుడు వస్తాడు. ఆమె అడిగిన వరం ఏంటో గుర్తుందా? ఒంటి వాసన పోవాలి. ఆమడ దూరం సువాసన వచ్చే యోజనగంధి అయింది. వాళ్లకి పుట్టినవాడే వ్యాసుడు. తర్వాత ఆ సువాసన పట్టుకునే శంతన మహారాజు వెతుక్కుంటూ వచ్చాడు.

వాసన పోయాకే రాజు వచ్చాడన్నది గమనించండి. ఇప్పుడు కూడా అద్దె ఇంటి కోసం వెళ్తే ఓనర్ అడిగే మొదటి ప్రశ్న "ఏం తింటారు?" అనే కదా. చేపల పులుసు వాసన వస్తే ఇల్లు ఇవ్వని ఊళ్లో, ఆ పులుసు వండే ఇంటి పిల్లని కోడలిగా తెచ్చుకోవడం మాటలా? ప్రేమించినప్పుడు అడ్డురాని వాసన పెళ్లి టాపిక్ వచ్చేసరికి ఇంటిల్లిపాదికీ తగులుతుంది.

అయితే ఈ కథలో ఇంకెక్కడా లేని మలుపు ఒకటుంది. షరతులు పెట్టింది అమ్మాయి తరఫువాళ్లు. దాశరాజు రాజు ముందు నిలబడి, నా కూతురికి పుట్టినవాడికే రాజ్యం అన్నాడు. పడవలు నడిపేవాడు హస్తినాపురంతో నెగోషియేట్ చేశాడు! ఆండర్సన్ కథలో పిల్లకి ఇలాంటి తండ్రి ఉంటే కథ వేరేలా ఉండేది. కానీ బిల్లు ఎవరు కట్టారు? శంతనుడు కాదు, సత్యవతి కాదు. దేవవ్రతుడు. రాజ్యం వదిలాడు, అదీ చాలదంటే పెళ్లే మానుకున్నాడు, భీష్ముడయ్యాడు. ఇద్దరి పెళ్లికి మూడోవాడు కట్టిన ఆ ధర తరాలపాటు తీరలేదు.

ఇది కూడా మనకి తెలియంది కాదు. "నువ్వు వాణ్ణి చేసుకుంటే నీ చెల్లికి సంబంధాలు వస్తాయా?" అనే డైలాగ్ ఎన్ని ఇళ్లల్లో వినపడుతుందో! ప్రేమించింది ఒకరు, బిల్లు చూపించేది ఇంకొకరికి.

ఇంకో చిన్న ముచ్చట. మైరావణుడి కథ విన్నవాళ్లకి మత్స్యవల్లభుడు తెలుసు, హనుమంతుడి కొడుకు. మన కథలో హనుమంతుడి చెమట చుక్క సముద్రంలో పడితే చేప మింగింది, కొడుకు పుట్టాడు. ఆయన బ్రహ్మచర్యానికి ఢోకా లేదు. థాయ్‌లాండ్ రామాయణం 'రామకియన్'లో ఇదే కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ సువర్ణమచ్ఛ అనే బంగారు మత్స్యకన్య ఉంది, సాక్షాత్తూ రావణుడి కూతురు. వారధి కడుతుంటే రాళ్లు ఎత్తుకుపొమ్మని తండ్రి పంపిస్తాడు. పట్టుకోవడానికి హనుమంతుడు నీళ్లలోకి దూకుతాడు. కొట్లాట కాస్తా ప్రేమవుతుంది. ఆమె తీసిన రాళ్లన్నీ మళ్లీ తెచ్చి పెట్టిస్తుంది. కొడుకు పుడితే తండ్రికి తెలుస్తుందనే భయంతో ఒడ్డున వదిలేస్తుంది. ఆ పిల్లవాడే మచ్ఛాను. అక్కడ దుకాణాల్లో ఆమె బొమ్మని అదృష్టం కోసం వేలాడదీస్తారు.

ఒకే కొడుకు, రెండు కథలు. మనవాళ్లు కొడుకుని ఉంచి ప్రేమని తీసేశారు. వాళ్లు ప్రేమని ఉంచి తల్లికి పేరు కూడా పెట్టారు. మన కథలో ఆ చేపకి పేరు లేదు.

గొంతు లేని ఇద్దరు

2017లో గియెర్మో దెల్ తోరో 'ద షేప్ ఆఫ్ వాటర్' తీశాడు. తర్వాతి ఏడాది బెస్ట్ పిక్చర్‌తో కలిపి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. 1954 నాటి 'క్రియేచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్' సినిమాని చిన్నప్పుడు చూసి, ఆ నీటిజీవి, ఆ అమ్మాయి కలిసుంటే బావుండేదనుకున్నానని ఆయన చాలాసార్లు చెప్పాడు. ఆ కోరికే ఈ సినిమా. చూడనివాళ్లు ఈ ఒక్క సెక్షన్ దాటేయండి, స్పాయిలర్స్ ఉన్నాయి.

1962, బాల్టిమోర్. ఎలైజా ఒక రహస్య ప్రభుత్వ ల్యాబ్‌లో ఊడ్చి తుడిచే ఉద్యోగి. మాట రాదు. దక్షిణ అమెరికా నది నుంచి పట్టుకొచ్చిన ఒక నీటిజీవిని అక్కడ గొలుసులతో కట్టేసి ఉంచుతారు. ఆమె ఉడకబెట్టిన గుడ్లు పెట్టి, చేతి సైగలు నేర్పుతుంది. ఇక్కడ అబ్బాయే నీటిజీవి, అమ్మాయే మనిషి. అంతకంటే ముఖ్యం, ఇద్దరికీ గొంతు లేదు. అంటే ఎవరూ ఎవరి గొంతూ తీసుకోలేదు. ఇద్దరూ కలిసి ఒక భాష తయారు చేసుకున్నారు. తనలో ఏదో లోటున్నట్టు అతను తనని చూడడు అన్నదే ఆమె ప్రేమకి కారణం.

ఆమెకి సాయం చేసినవాళ్లెవరో చూడండి. పక్కింట్లో ఉండే, తన ఇష్టాన్ని బయటికి చెప్పుకోలేని గే ఆర్టిస్ట్, తోటి పనిమనిషి అయిన నల్లజాతి ఆవిడ, రహస్యంగా బతికే రష్యన్ సైంటిస్ట్. ఆ రోజుల్లో పెద్ద టేబుల్ దగ్గర కుర్చీ లేనివాళ్లంతా ఒకవైపు. చివర్లో ఆమె నీళ్లలోకి వెళ్తుంది, మెడ మీద చిన్నప్పటి నుంచి ఉన్న గాట్లే మొప్పలుగా తెరుచుకుంటాయి. గీత దాటింది ఆమే, కానీ దాటడానికి కావలసింది ఆమె ఒంట్లోనే ఉంది. ఏదీ కోసివ్వలేదు.

మరి మన సంగతి?

తెలుగులో ఒక పాత మాటుంది. ఆడపిల్ల అంటే 'ఈడ' పిల్ల కాదు, 'ఆడ' పిల్ల అని. పుట్టినప్పుడే అవతలి ఒడ్డుకి రాసేస్తాం. కులం, మతం ఒక్కటైన పెళ్లిలోనే ఇంటిపేరు, ఊరు, ఉద్యోగం మార్చుకోవాల్సింది ఎక్కువగా ఆమే. గీత దాటిన ప్రేమ పెళ్లయితే ఈ లిస్టు ఇంకా పెరుగుతుంది. పేరు మార్చు, బొట్టు పెట్టు లేదా తీసేయ్, పండక్కి మీవాళ్లింటికి వద్దు, వంటింట్లో అది వండొద్దు. ఒక్కొక్కటి చూస్తే చిన్నవే. అన్నీ కలిపితే నాలుక ఖరీదు.

చట్టం మన వైపే ఉంది. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండితే పెళ్లి వాళ్లిష్టం. 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఇద్దరు మేజర్లు పెళ్లి చేసుకోవడానికి కుటుంబం, కులం, పంచాయతీల అనుమతి అక్కర్లేదని. వాళ్లకి రక్షణ ఇవ్వమని, సేఫ్ హౌస్‌ల సంగతి ఆలోచించమని ప్రభుత్వాలకి చెప్పింది. అయినా మతాలు వేరైన జంట పేరు, మతం మార్చుకోకుండా పెళ్లి చేసుకోవాలంటే 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ దగ్గరికి వెళ్లాలి. ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసుని ఆఫీసులో అందరికీ కనపడేచోట అంటిస్తారు. అభ్యంతరాలకి 30 రోజులు. చట్టం ప్రకారం "మా కులం కాదు" అనేది అభ్యంతరమే కాదు. కానీ ఇంట్లో ఎవరికీ తెలియకూడదనుకునే జంటకి, నెల రోజులు గోడ మీద పేర్లు వేలాడటమే పెద్ద ప్రమాదం. గొడవ నోటీసు చదివే ఆఫీసర్‌తో రాదు, పక్కన నిలబడి చదివే చుట్టంతో వస్తుంది.

తాళంచెవి సంగతి కూడా మాట్లాడుకోవాలి. మా ఫీల్డ్‌లో దానికి బాగా తెలిసిన పేరు హెచ్-4. హెచ్-1బీ వీసా మీద అమెరికా వెళ్లినవాళ్ల భార్యకో భర్తకో వచ్చే వీసా అది. దానితో ఉద్యోగం చేయకూడదు. 2015 మే నుంచి, గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఒక దశ దాటినవాళ్ల జీవిత భాగస్వాములు కొందరికి వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకునే వీలొచ్చింది. మిగతావాళ్లకి లేదు. ఇక్కడ నాతో సమానంగా కోడ్ రాసిన అమ్మాయి అక్కడ బ్యాంక్ అకౌంట్‌కి కూడా భర్త వైపు చూడాల్సి వస్తుంది. అతను మంచోడే కావచ్చు. పెట్టెకి తాళం వేసింది అతను కాదు, ఒక దేశపు రూల్. అయినా తాళంచెవి మాత్రం అతని నడుముకే ఉంది. మంచి మొగుడి నడుముకి ఉన్నా తాళంచెవి తాళంచెవే.

అలాగని ప్రేమించొద్దనో, దూరం వెళ్లొద్దనో నేను అనట్లేదు. గీత దాటకుండా ప్రేమ ఎక్కడుంది? ఇద్దరూ ఒకే ఒడ్డున, ఒకే ఇంట్లో, ఒకే కూర తింటూ పెరిగి ఉండరు కదా. ఎవరో ఒకరు నీళ్లలో దిగాల్సిందే. ఇద్దరూ మోకాలి లోతుకైనా దిగుతున్నారా అన్నదే విషయం.

అందుకే ప్రేమలో ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నా సలహా ఇది. పెద్దవాళ్లని ఎలా ఒప్పించాలి అనే చర్చకి ఆరు నెలలు పెడతారు, దానికి ముందు మీ ఇద్దరికీ మధ్య ఉన్న అగ్రిమెంట్ చదవడానికి ఒక సాయంత్రం పెట్టండి. యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా 'ఐ అగ్రీ' కొట్టేసినట్టు ఇక్కడ కొట్టొద్దు. పెళ్లయ్యాక ఎవరు ఊరు మారుతున్నారు? ఎవరి ఉద్యోగం ఆగుతోంది? వంటింట్లో ఎవరి వాసన ఉంటుంది? పిల్లల ఇంటిపేరు, మతం ఏంటి? ఒక కాలమ్‌లో పేరంతా ఒకరిదే ఉంటే అక్కడ ఆగండి. మాట్లాడండి. మాట్లాడితే విడిపోయేంత బలహీనంగా ఉంటే అది ఇప్పుడే తెలియడం మంచిది.

అబ్బాయిలకి ఒక మాట విడిగా. అమ్మాయి సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, ఆధార్, ఆమె జీతం పడే అకౌంట్ పాస్‌వర్డ్, ఇవన్నీ ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి. "జాగ్రత్తగా ఉంటాయని మా అమ్మ బీరువాలో పెట్టాం" అనేది మీ జవాబైతే, ఈరోజే తీసి ఆమె చేతికివ్వండి. ఇచ్చాక కూడా ఆమె మీతోనే ఉంటే, అప్పుడు మీది ప్రేమ పెళ్లి.